పేరు బోర్డు వేరు, దారి బోర్డు వేరు

సూర్యాపేట నుంచి హైదరాబాదు 130 కిలోమీటర్ల పైచిలుకు. కోదాడ నుంచైతే ఇంకో నలభై అయిదు కలుపుకోవాలి. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. ఆ దారి పొడవునా పసుపు తల రాళ్ళు ఎంత దూరం వచ్చామో చెబుతుంటాయి. పచ్చ బోర్డులు ముందు ఏ ఊరొస్తుందో చెబుతుంటాయి. బస్సు నుదుట ఊరి పేరు, దాని కింద వయా. డిగ్రీ అయిపోయి పీజీలో చేరడానికి సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరిన అమ్మాయి ఎల్బీ నగర్ దాకా వస్తుంది. ఇంకో బస్సెక్కి ఉస్మానియా యూనివర్సిటీ దాకా వస్తుంది. ఎక్కడా తప్పిపోదు. తప్పిపోయేదల్లా గేటు దాటాక, ఆ ఆఖరి కిలోమీటరులో.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఆఖరి కిలోమీటరు గురించి. పెద్ద యూనివర్సిటీ ఆవరణలో దారి చూపే బోర్డులు ఎలా ఉండాలి, ఎవరిని అడిగి రాయాలి, ఎక్కడ నాటాలి అన్నది విషయం. చిన్న విషయమే అనిపించవచ్చు. కౌన్సెలింగు రోజున మధ్యాహ్నం ఎండలో తండ్రీ కూతుళ్ళు ఒకే చెట్టు కిందికి రెండోసారి వచ్చి నిలబడితే అప్పుడు తెలుస్తుంది అది ఎంత పెద్దదో.

ముందు ఉస్మానియా సంగతే తీసుకుందాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మన ఈ మూడు ఊళ్ళకూ పాత చుట్టరికం ఉన్న యూనివర్సిటీ అది. 2007లో నల్గొండలో యూనివర్సిటీ వచ్చేదాకా ఇక్కడి డిగ్రీ కాలేజీలన్నీ ఉస్మానియా కిందే ఉండేవి. ఆ నల్గొండ యూనివర్సిటీయే ఇప్పుడు అన్నెపర్తి దగ్గరి మహాత్మాగాంధీ యూనివర్సిటీ. అయినా పాత మెమో కోసం, ఒరిజినల్ డిగ్రీ కోసం ఉస్మానియా ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్ళే నడివయసు వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆ ఆవరణకు స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చినాయన పాట్రిక్ గెడెస్ అనే స్కాట్లండు పెద్దమనిషి. నగరాల ప్రణాళికలో ప్రపంచమంతా పేరున్నవాడు. ఆర్ట్స్ కాలేజీ భవనానికి నమూనా గీసింది జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి. 1934 జులైలో నిజాం శంకుస్థాపన చేశాడు, 1939 డిసెంబరులో భవనం ప్రారంభమైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వెయ్యి ఎకరాల పైచిలుకు ఆవరణలో ఎవరిని దారి అడిగినా జవాబు ఆర్ట్స్ కాలేజీతోనే మొదలవుతుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు, ఆర్ట్స్ కాలేజీ వెనక, ఆర్ట్స్ కాలేజీ దాటినంక. 1960లో అమెరికాలో కెవిన్ లించ్ అనే ఆయన నగరాల గురించి ఒక పుస్తకం రాస్తూ, మనుషుల మనసులో ఊరి పటం ఎలా తయారవుతుందో పరిశీలించాడు. దారులు, హద్దులు, పేటలు, కూడళ్ళు, గుర్తులు, ఈ అయిదింటితో జనం ఊరిని గుర్తుపెట్టుకుంటారన్నాడు. ఆ గుర్తుల్లో మొదటి రకం ఆర్ట్స్ కాలేజీ. దానికి బోర్డు అక్కర్లేదు, అదే ఒక బోర్డు.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ గుర్తు కూడా ఒక్కోసారి తికమక పెడుతుంది. మిర్యాలగూడ పిల్లలకు రైలు ఉంది కదా. సికింద్రాబాద్‌లో దిగి ఫలక్‌నుమా వైపు లోకల్ రైలెక్కితే వరుసగా రెండు స్టేషన్లు వస్తాయి. ఒకటి ఆర్ట్స్ కాలేజీ, రెండోది జామై ఉస్మానియా. రెండు పేర్లూ యూనివర్సిటీవే. మరి హాస్టలుకు ఏ స్టేషన్లో దిగాలి, ఇంజనీరింగ్ కాలేజీకి ఏ స్టేషన్లో దిగాలి? రైల్లో పక్కనున్న వాళ్ళను అడగడమే. దారి బోర్డు పని గేటు దగ్గర కాదు, బస్సు దిగే చోట, రైలు దిగే చోట మొదలు కావాలని నేననేది ఇందుకే.

ఇప్పుడు అసలు మాట. మన యూనివర్సిటీల్లో బోర్డులు లేవని ఎవరూ అనలేరు. ప్రతి భవనం మీదా బోర్డుంటుంది, ప్రతి గది ముందూ బోర్డుంటుంది. అవన్నీ పేరు బోర్డులు. భవనం ముందు నిలబడ్డాక 'నువ్వు సరైన చోటికే వచ్చావు' అని చెప్పడానికి పనికొస్తాయి. దాని ముందుకి ఎలా రావాలో చెప్పేది దారి బోర్డు. అది ఉండాల్సింది భవనం మీద కాదు, రెండు దారులు చీలే చోట. అక్కడ చూస్తే ఏముంటుంది? ఒక తురాయి చెట్టు, నాలుగు పోస్టర్లు.

పేర్లు చెక్కించడంలో మనవాళ్ళకు మొదటినుంచీ శ్రద్ధ ఎక్కువ. మిర్యాలగూడకు నాగార్జునసాగర్ ఎంతో దూరం కాదు. అక్కడ నీళ్ళలో మునిగిన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలంలో ఎన్నో విహారాలుండేవి. సింహళం నుంచి వచ్చిన ఆచార్యులు కూడా అక్కడ ఉన్నారు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో ఆమె ఏమేం కట్టించిందో, ఎవరి కోసం కట్టించిందో వరసగా ఉంది. మంచి పనే. ఆ వరస మాత్రం మనం ఇప్పటికీ వదల్లేదు. ఏ ఆవరణలోకి వెళ్ళినా అన్నిటికంటే నున్నగా, అన్నిటికంటే ఖరీదైన రాతి మీద, బంగారు రంగు అక్షరాలతో ఉండేది ప్రారంభోత్సవ శిలాఫలకం. అందులో మంత్రి గారి పేరుంటుంది, అధ్యక్షత వహించిన వారి పేరుంటుంది. మూత్రశాల ఎటో ఉండదు.

సరే, దారి బోర్డులు పెట్టాలనుకున్నాం. ఏం రాయాలి? చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఆఫీసులో ఒకరు డిపార్టుమెంట్ల జాబితా తీసి అక్షరక్రమంలో టైపు చేయించి ఫ్లెక్సీ షాపుకు పంపిస్తారు. దానికంటే మంచి పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చు లేదు. అడ్మిషన్ల వారంలో గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వచ్చినవాళ్ళు ఏమడుగుతున్నారో అదే మాటల్లో నోటుబుక్కులో రాసుకోవాలి. ఆయన చెప్పే జవాబు కూడా అదే మాటల్లో రాసుకోవాలి.

"అన్నా, ఫీజు ఎక్కడ కట్టాలె?" "సీదా పో బిడ్డా. వాటర్ ట్యాంకు కాడ ఎడమ దిక్కు మలుగు. బ్యాంకు కనపడతది, దాని పక్కదే."

ఈ ఒక్క జవాబులో మూడు బోర్డులున్నాయి. గేటు దగ్గర ఒకటి: ఫీజు కౌంటరు, నేరుగా. ట్యాంకు దగ్గర ఒకటి: ఫీజు కౌంటరు, ఎడమకు. బ్యాంకు దగ్గర పేరు బోర్డు. ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఏ మాట రాయాలి అన్నీ ఆయనే తేల్చేశాడు. పిల్లలు 'ఎగ్జామ్ బ్రాంచి' అని అడుగుతుంటే బోర్డు మీద 'పరీక్షల నియంత్రణాధికారి వారి కార్యాలయం' అని ఉంటే ఆ బోర్డు కళ్ళముందున్నా లేనట్టే. నిఘంటువుతో పోట్లాట నాకు అక్కర్లేదు. అడిగే మాట, రాసిన మాట ఒకటే కావాలి, అంతే.

ఇంకో సంగతి కూడా ఆ నోటుబుక్కులో తేలుతుంది. యూనివర్సిటీ దృష్టిలో ఉన్న వరుస వేరు, వచ్చినవాళ్ళ దృష్టిలో ఉన్న వరుస వేరు. ఆఫీసు జాబితాలో పైనుండేది వైస్ ఛాన్సలర్ గారి కార్యాలయం. గేటు దగ్గర ఎక్కువగా వినపడేది జిరాక్స్, మంచినీళ్ళు, బాత్రూము, క్యాంటీను, హాస్టలు. గచ్చిబౌలి దగ్గర 2,300 ఎకరాలిచ్చి 1974లో మొదలుపెట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పిల్లలు దారి చెప్పుకునేది షాప్‌కామ్, గోప్స్ అనే పేర్లతోనే. దుకాణాల సముదాయం ఒకటి, క్యాంటీను ఒకటి. జనం నోట్లో ఉన్న పేరుకు బోర్డు మీద చోటివ్వడంలో నామోషీ ఏమీ లేదు.

బోర్డులు పెట్టాక పరీక్ష కూడా అలాంటిదే ఒకటుంది. ఆ ఆవరణ ఎన్నడూ చూడని మనిషిని ఒకరిని పిలిచి, చేతిలో ఒక హాల్‌టికెట్ పెట్టి, 'ఈ గదికి వెళ్ళండి' అనాలి. వెనకాలే నోరు మెదపకుండా నడవాలి. ఆయన ఎక్కడ ఆగి అటూ ఇటూ చూశాడో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తుల దగ్గరే బోర్డు లేదు, లేదా ఉన్నది కనపడటం లేదు. బ్రిటన్‌లో రహదారి బోర్డుల అక్షరాలు తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు అక్కడివాళ్ళు జనాన్ని ఒక ఎయిర్‌ఫీల్డులో మెట్ల వేదిక మీద కూర్చోబెట్టి, కారు పైకప్పు మీద బోర్డులు బిగించి వాళ్ళవైపు నడిపించారు. ఎంత దూరంలో చదవగలిగారో కొలిచారు. మనకు కారు కూడా అక్కర్లేదు, కాళ్ళు చాలు.

రాత పద్ధతికొస్తే, మనకు మంచి గురువు ఆర్టీసీ బస్టాండే. సూర్యాపేట బస్టాండులోకి మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా ప్లాట్‌ఫారం వెతుక్కోగలరు. ఎందుకంటే అక్కడ బోర్డులు 'వైపు' అనే లెక్కన నడుస్తాయి. కోదాడ, విజయవాడ వైపు. ఖమ్మం వైపు. జనగామ వైపు. మధ్యలో పల్లెలు యాభై ఉండనీయండి, వాటిని బోర్డెక్కించరు. తన ఊరు ఏ పెద్ద ఊరి దారిలో ఉందో ప్రయాణికుడికి తెలుసు. యూనివర్సిటీ గేటు దగ్గర కూడా నలభై డిపార్టుమెంట్ల పేర్లు ఒకే బోర్డు మీద కుక్కితే ఎవరూ చదవరు. సైన్సు కాలేజీ వైపు, హాస్టళ్ళ వైపు, ఆఫీసుల వైపు అని మూడు నాలుగు మాటలు రాస్తే చాలు. ఆ దారిలో కొంచెం ముందుకెళ్ళాక కెమిస్ట్రీ ఎటో, బోటనీ ఎటో చెప్పొచ్చు. కోదాడలో ఖమ్మం క్రాస్‌రోడ్డు దగ్గర ఏం చేస్తామో అదే. ఖమ్మం వెళ్ళేవాడు ముందు ఆ రోడ్డు ఎక్కాలి, మధ్యలో వచ్చే ఊళ్ళ సంగతి తర్వాత. ఒకసారి బోర్డెక్కిన పేరు గమ్యం చేరేదాకా ప్రతి మలుపులోనూ కనపడాలి. మొదటి బోర్డులో లైబ్రరీ అని ఉండి, రెండో మలుపులో లేకపోతే మొదటిది కూడా పెట్టకపోవడమే నయం.

ఇక మన అక్షరాలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే దారి బోర్డుల మీద వచ్చిన పుస్తకాల్లో లెక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాలకు వేసినవి. అంగుళం ఎత్తు అక్షరాన్ని పాతిక ముప్పై అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని బోర్డులు చేసేవాళ్ళు ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకుంటారు. తెలుగుకు అది సరిపోదు. 'ఆర్ట్స్' అనే మాటనే చూడండి. ర కింద టవత్తు, దాని పక్కన సవత్తు, పైన పొల్లు. ఇంగ్లీషులో పక్కపక్కన పరుచుకునే అక్షరాలు తెలుగులో కిందికి దిగుతాయి. అసలు అక్షరం అంగుళం ఉంటే వత్తు అందులో సగం ఉంటుందేమో. దూరం నుంచి చూసేవాడికి ఆ వత్తులు రెండూ కలిసి ఒక మచ్చలా కనపడతాయి. కింద ఇంకో పంక్తి ఉండి, మధ్యలో ఖాళీ సరిగ్గా వదలకపోతే, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది.

ప, వ, స, ష దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. బకూ భకూ, దకూ ధకూ తేడా ఒక చిన్న గీత. దానికి తోడు ఫ్లెక్సీ షాపుల్లో ఒక అలవాటుంది. పేరు పొడుగై చోటు చాలకపోతే అక్షరాలను అడ్డంగా నొక్కేస్తారు, చోటు మిగిలితే సాగదీస్తారు. నొక్కిన తెలుగు అక్షరంలో లోపలి గుండ్రం మూసుకుపోతుంది. అప్పుడు వకూ పకూ తేడా దేవుడికే తెలియాలి. వెనకటికి కుంచెతో బోర్డులు రాసే ఆర్టిస్టులు ఈ తప్పు చేసేవాళ్ళు కాదు. ముందు సుద్దతో గీతలు కొట్టుకుని, వత్తులకు కింద ఎంత వదలాలో కంటితోనే లెక్క కట్టుకునేవాళ్ళు. సూర్యాపేటలోనో, మిర్యాలగూడ సాగర్ రోడ్డులోనో పాత దుకాణం బోర్డు ఏదైనా మిగిలి ఉంటే ఒకసారి నిలబడి చూడండి, మూలన ఆర్టిస్టు సంతకం కూడా ఉండొచ్చు. యూనివర్సిటీవాళ్ళు బోర్డులు చేయించేటప్పుడు అలాంటి చేయి ఉన్న మనిషిని ఒకరిని పిలిచి అడగడం, వారం రోజులు కంప్యూటర్లో ఫాంట్లు వెతకడం కంటే మేలని నా నమ్మకం.

తెలంగాణలో ఉర్దూ కూడా అధికార భాషే కాబట్టి మూడు భాషలు రాయాల్సి వస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అందుకని బాణం గుర్తును మాటల మధ్యలో ఇరికించకుండా బోర్డు అంచున, ఎటు తిరగాలో ఆ అంచునే పెట్టాలి. ఎడమకైతే ఎడమ అంచున, కుడికైతే కుడి అంచున. పైకి చూపే బాణం అంటే 'నేరుగా వెళ్ళు' అని బోర్డులు చేసేవాళ్ళ ఉద్దేశం. మెట్ల పక్కన దాన్ని పెడితే సగం మంది పై అంతస్తుకు ఎక్కుతారు. ఎక్కేది వాళ్ళ తప్పు కాదు.

భవనాలకు నంబర్లు ఇవ్వాలా, పేర్లు చాలా అని ఒక వాదన ఉంది. అమెరికాలో ఎంఐటీ అనే ప్రసిద్ధ యూనివర్సిటీలో భవనాలను నంబర్లతోనే పిలుస్తారు. 10-250 అంటే పదో నంబరు భవనం, రెండో అంతస్తులో 250వ నంబరు గది. ఇది విని మనవాళ్ళు ఆశ్చర్యపోనక్కర్లేదు. మన ఇంటి నంబర్లు చూడండి, వార్డు, బ్లాకు, ఇల్లు, మధ్యలో అడ్డగీతలు. పోస్ట్‌మాన్ ఏనాటి నుంచో దానితోనే ఉత్తరాలు పంచుతున్నాడు. దాతల పేర్లు, మహానుభావుల పేర్లు భవనానికి పెట్టుకోండి, ఎవరూ కాదనరు. హాల్‌టికెట్ మీద మాత్రం నంబరుండాలి, అదే నంబరు భవనం మూల మీద మనిషంత ఎత్తున ఉండాలి. రాత్రిపూట 108కి ఫోను చేసిన పిల్లవాడు 'హాస్టలు వెనక కొత్త బిల్డింగు' అనకుండా 'ఇరవై మూడో నంబరు' అనగలగాలి.

హాల్‌టికెట్ అన్నాను కాబట్టి ఒక మాట. ఎంసెట్ నాటి నుంచి ఇప్పటి ఎప్‌సెట్ దాకా నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిబంధన ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. ఏటా టీవీలో గేటు బయట ఏడుస్తున్న పిల్లల్ని చూపిస్తారు, ట్రాఫిక్ అంటారు, లేటుగా బయల్దేరారంటారు. వాళ్ళలో ఎందరు మొదటి గేటులోకి సమయానికే వచ్చి, బ్లాకు దొరక్క ఆ నిమిషం పోగొట్టుకున్నారో ఎవరూ అడగరు. కోదాడ చుట్టుపక్కల, సూర్యాపేట దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ సెంటర్లు పడుతుంటాయి. హైవే మీద కాలేజీ పేరు లారీ డ్రైవర్లకు కూడా కనపడేంత పెద్దగా రాయిస్తారు. లోపల పరీక్ష బ్లాకుకు దారి ఆ రోజు పొద్దున ఏ4 కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి గమ్ టేపుతో అంటిస్తారు. గాలికి ఊడిందంటే అంతే.

ఫోనులో మ్యాప్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? ఫోను గేటు దాకా తెస్తుంది. కొన్నిసార్లు తాళం వేసిన వెనక గేటు దాకా కూడా తెస్తుంది. భవనం లోపల మూడో అంతస్తులో 312 ఎటో దానికి తెలియదు. పరీక్ష రోజు ఫోను బయటే వదిలేయాలి. అన్నిటికంటే ముందు, తోడు వచ్చిన తండ్రి చేతిలో ఉన్నది చాలాసార్లు బటన్ల ఫోనే.

ఆవరణ పటం బోర్డు పెట్టడం మంచిదే. దాదాపు అన్నిచోట్లా చేసే పొరపాటు ఒకటుంది, పటంలో ఉత్తరం పైన ఉండాలనే పట్టుదల. బడిలో నేర్పింది అదే మరి. 1980ల మొదట్లో మార్విన్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పటాల గురించి చెప్పింది చాలా సులువైన సంగతి. పటం ముందు నిలబడ్డ మనిషికి ఎదురుగా ఏముందో పటంలో పైభాగాన అదే ఉండాలి. కుడివైపు ఉన్నది పటంలోనూ కుడివైపే ఉండాలి. అంటే తూర్పు గేటు దగ్గర పెట్టే పటం, పడమటి గేటు దగ్గర పెట్టే పటం ఒకటే అచ్చు వేసి రెండుచోట్లా పెట్టకూడదు, తిప్పి వేయాలి. ప్రెస్సువాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఆ పటంలో 'మీరు ఇక్కడ ఉన్నారు' అనే ఎర్ర చుక్క మర్చిపోకూడదు. జనం వేలితో తాకి తాకి చెరిపేసే చోటు కూడా అదే, కాబట్టి దాని మీద గట్టి పూత ఉండాలి.

చూపు లేనివాళ్ళ గురించి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ గురించి 2016 నాటి చట్టం ఉంది. బ్రెయిలీ పలక పెట్టామంటే సరిపోదు, అది చేతికి అందే ఎత్తున, ప్రతి తలుపు పక్కనా ఒకే వైపున ఉండాలి. తలుపుకు ఒకచోట కుడివైపు, ఒకచోట ఎడమవైపు ఉంటే గోడంతా తడుముకోవాలి. ర్యాంపు వెనకవైపు కట్టి, ముందు మెట్ల దగ్గర ఆ సంగతి రాయకపోతే కట్టిన ఖర్చంతా దండగ.

చివరగా, పెట్టినదాన్ని నిలబెట్టడం. బోర్డుకు శత్రువులు ముగ్గురు. ఎండ ఒకటి, స్టిక్కరు రంగు మూడు వేసవులకు వెలిసిపోతుంది. కొమ్మలు రెండోది, కానుగ చెట్టు పెరిగినంత వేగంగా ఏ ఇంజనీరింగ్ సెక్షనూ కదలదు. మూడోది అన్నిటికంటే పెద్దది, డిపార్టుమెంటు కొత్త భవనంలోకి మారుతుంది, బోర్డు పాత భవనం వైపే చూపిస్తూ ఉంటుంది. తప్పు చెప్పే బోర్డు కంటే బోర్డు లేకపోవడం మేలు, కనీసం ఎవరినైనా అడుగుతారు. అందుకే ఒక్కో పేరును విడి పట్టీగా చేయించి, నాలుగు స్క్రూలు విప్పితే మార్చగలిగేలా బిగించాలి. ఆ స్క్రూడ్రైవరు ఎవరి దగ్గరుండాలో కూడా కాగితం మీద రాసి ఉండాలి. మన ఆఫీసుల్లో ఎవరి పనో తేలని పని జరగదు. బోర్డులు ఎస్టేట్ సెక్షన్‌వా, ఇంజనీరింగ్ సెక్షన్‌వా, పీఆర్వో గారివా అని ఫైలు తిరుగుతుండగానే రెండు బ్యాచులు పాసై వెళ్ళిపోతాయి.

అన్నెపర్తిలో మన యూనివర్సిటీ వయసులో చిన్నది, భవనాలు ఇంకా లేస్తూనే ఉంటాయి. అలాంటి చోట ఈ పని సులువు. కొత్త బ్లాకుకు టెండరు పిలిచే రోజునే, గేటు నుంచి ఆ బ్లాకు దాకా ఎన్ని మలుపులున్నాయో లెక్కపెట్టి అన్ని దారి బోర్డులూ ఆ ఎస్టిమేటులోనే వేయాలి. పాత బోర్డు పట్టీలు ఊడదీసే కూలీ కూడా అందులోనే కలపాలి. ప్రారంభోత్సవానికి ముందు రోజు, శిలాఫలకం మీద పరదా కట్టేలోపు, కోదాడ నుంచో మిర్యాలగూడ నుంచో ఒక కొత్త విద్యార్థిని పిలిచి గేటు దగ్గర వదిలి చూడాలి. ఆ పిల్లవాడు ఎవరినీ అడగకుండా పరదా దాకా వస్తే కాంట్రాక్టరుకు బిల్లు పాస్ చేయొచ్చు.